ఇల్లు చూపించేవాడికి ఏ చదువూ అక్కర్లేదా?

కాలేజీలో సీటు వచ్చిన కుర్రాడు పట్నంలో బస్సు దిగాక మొట్టమొదట ఎవరితో మాట్లాడతాడు? ప్రిన్సిపాలుగారితో కాదు, లెక్చరర్లతో అంతకన్నా కాదు. హాస్టల్లో సీటు దొరకనివాళ్ళ సంగతి చెబుతున్నాను. టులెట్ బోర్డు మీద నంబరు చూసి ఫోను చేస్తే అవతల "చెప్పండి" అని పలికే మనిషితోనే వాడికి ఊళ్ళో మొదటి పరిచయం. ఆ మనిషి ఇంటి యజమాని కాడు, అద్దెకుండేవాడూ కాడు, మధ్యలోవాడు. ఒకప్పుడు దళారీ అన్నాం. తర్వాత బ్రోకరన్నాం. ఇప్పుడు మీడియేటరు అంటే మర్యాద. విజిటింగ్ కార్డు మీద మాత్రం 'ప్రాపర్టీ కన్సల్టెంట్' అని వుంటుంది. పేరు ఇన్నిసార్లు మారింది గాని, ఆ పని చెయ్యడానికి మనిషికి ఏం తెలిసి వుండాలి అన్న ప్రశ్న మాత్రం మన సమాజం ఇంతవరకూ గట్టిగా వెయ్యలేదు.

నేడు మన దేశంలో ఎవరైనా మనకు ఒక బీమా పాలసీ అమ్మాలంటే ముందు పరీక్ష రాసి పాసవ్వాలి. మ్యూచువల్ ఫండు అమ్మేవాడికీ పరీక్ష వుంది. నెలకు వెయ్యి రూపాయల చొప్పున కట్టించుకొనేవాడు పుస్తకం చదివి, ప్రశ్నలకు జవాబులు రాసి, సర్టిఫికెట్ చూపించాలి. ఒక మధ్యతరగతి ఉద్యోగి ముప్ఫై ఏళ్ళు కూడబెట్టింది, బ్యాంకులో ఇరవై ఏళ్ళకు అప్పు తెచ్చింది కలిపి యాభై లక్షలు పోసి కొనే ఫ్లాటుకు దారి చూపించేవాడికి మాత్రం ఏ పుస్తకమూ అక్కర్లేదు, ఏ పరీక్షా అక్కర్లేదు. ఒక మోటారు సైకిలు, రెండు ఫోన్లు, నాలుక మీద తడి వుంటే చాలు.

చట్టం లేదా అంటే, వుంది. 2016లో పార్లమెంటు రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం చేసింది. రెరా అని అందరూ పిలిచేది దాన్నే. ఏజెంట్ల రిజిస్ట్రేషనుకు సంబంధించిన సెక్షన్లు 2017 మే 1 నుంచి అమలులోకి వచ్చాయి. 9వ సెక్షను ప్రకారం ఏజెంటు రిజిస్టరు చేయించుకోవాలి. తాను జరిపించే ప్రతి అమ్మకంలోనూ ఆ నంబరు చూపాలి. 10వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని ప్రాజెక్టును అమ్మిపెట్టకూడదు, లెక్కల పుస్తకాలు వుంచాలి, లేని సౌకర్యాలు వున్నాయని చెప్పకూడదు, బుకింగు సమయంలో కాగితాలన్నీ కొనేవాడి చేతికి అందేలా చూడాలి. తప్పితే 62వ సెక్షను కింద రోజుకు 10,000 రూపాయల వంతున జరిమానా, అది ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా పెరగవచ్చు. చదివితే ఎంతో ముచ్చటగా వుంటుంది.

అయితే ఆ రిజిస్ట్రేషనుకు అడిగేదేమిటి? పాన్ కార్డు, ఫొటో, ఆఫీసు చిరునామాకు రుజువు, ఫీజు లాంటివి. భూమి గురించి ఇతనికి ఏమైనా తెలుసా అని చట్టం ఎక్కడా అడగదు. డ్రైవింగు లైసెన్సు కోసం వచ్చినవాణ్ణి "నీకు బండి నడపడం వచ్చా?" అని అడగకుండా "నీ ఇంటి నంబరు చెప్పు, చాలు" అన్నట్లుంది.

ఇంకొక విశేషం. ఈ చట్టం తొలగించింది ఏమిటో చూస్తే, మనం అనుకొన్న రక్షణ సగానికి సగం కరిగిపోతుంది. ఏజెంటు అంటే ఎవరో నిర్వచించేచోట బ్రోకర్లు, మధ్యవర్తులు, ఏ పేరుతో పిలిచినా సరే అని గట్టిగానే అన్నారు. కాని 'అమ్మకం' అనే మాట దగ్గర ఆగిపోయారు. అద్దె అందులో లేదు. అమ్మకాల్లో కూడా రిజిస్ట్రేషను తప్పనిసరి అన్నది బిల్డరు అమ్మే, రెరాలో నమోదైన ప్రాజెక్టుల విషయంలోనే. పదేళ్ళ నాటి పాత ఫ్లాటు ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరికి మార్పించేవాడికి ఆ సెక్షను వర్తించదు. ఇప్పుడు లెక్క చూసుకోండి. మన బంధువర్గంలో ఎంతమంది కొత్త ప్రాజెక్టులో ఫ్లాటు కొన్నారు, ఎంతమంది పాత ఇల్లు కొన్నారు, ఎంతమంది అద్దె ఇళ్ళలో వున్నారు? ఎక్కువమంది వున్నచోటే చట్టం లేదు.

సరే, ఏజెంటుకు తెలియాల్సింది అంతగా ఏముంది, ఇల్లు చూపించి తలుపు తాళం తీయడమేగా అనేవారున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల భూమి సంగతి తెలిసినవారెవ్వరూ ఆ మాట అనరు. గజం భూమి వెనుక గంపెడు కాగితాలుంటాయి. ఉదాహరణకు ఈ.సి. చూపించి "క్లియర్ టైటిల్ సార్, కళ్ళు మూసుకొని కొనెయ్యొచ్చు" అనే మాట మనం రోజూ వింటాం. ఈ.సి.లో కనిపించేవి రిజిస్ట్రారు ఆఫీసులో నమోదైన లావాదేవీలు మాత్రమే. నోటరీ కాగితం మీద జరిగిన ఒప్పందం అందులో కనబడదు. అన్నదమ్ముల మధ్య కోర్టులో నడుస్తున్న దావా సాధారణంగా అందులో కనబడదు. అసలు మన దేశంలో రిజిస్ట్రేషను అంటే దస్తావేజు నమోదే గాని, ప్రభుత్వం హక్కుకు పూచీ పడటం కాదు. ఈ ఒక్క ముక్క తెలిసిన ఏజెంటు కళ్ళు మూసుకోమని చెప్పడు. తెలియనివాడు ధైర్యంగా చెబుతాడు. మరి మనకు ఆ ధైర్యమే నచ్చుతుంది!

అసైన్డు భూముల సంగతి ఇంకా చిక్కు. పేదలకు ప్రభుత్వం పంచిన భూమిని అమ్మకూడదని, అమ్మినా చెల్లదని 1977లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో దాన్ని సవరించి, 20 ఏళ్ళు దాటిన అసలు పట్టాదారులకు అమ్ముకొనే వీలిచ్చారు. 2024లో ప్రభుత్వం మారాక అలా ఫ్రీహోల్డు అయిన భూముల మీద విచారణ మొదలై రిజిస్ట్రేషన్లు ఆగాయి. ఆ ఏడాది జనవరిలో నిజమైన మాట ఆగస్టుకు నిజం కాకుండా పోయిందన్నమాట. తెలంగాణలో చూస్తే 2020లో ధరణి వచ్చింది, 2025లో భూభారతి చట్టం వచ్చింది. అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో దరఖాస్తులు తీసుకొన్నారు, 2025లో 25 శాతం రాయితీ ఇచ్చి మళ్ళీ కదిలించారు. రిజిస్ట్రేషను చట్టం 22-ఎ కింద నిషేధిత జాబితా వేరే వుంది. వీటిలో ఏది ఏ సర్వే నంబరుకు వర్తిస్తుందో చూడటం వకీలు పని అంటారు. నిజమే, చివరి మాట వకీలుదే. కాని వకీలు దగ్గరకు వెళ్ళేసరికి టోకెన్ అడ్వాన్సు ఏజెంటు జేబులో పడి వుంటుంది. ముందు అడగాల్సిన ప్రశ్నలు ముందు మనిషికే తెలియాలి.

2024లో హైదరాబాదులో హైడ్రా ఏర్పడి చెరువుల ఎఫ్.టి.ఎల్. హద్దుల్లో కట్టిన కట్టడాలను కూల్చినప్పుడు మనమంతా టీవీల్లో చూశాం. ప్రభుత్వానిది తప్పా, అనుమతులిచ్చిన ఆఫీసులది తప్పా, బిల్డర్లది తప్పా అని బోలెడు చర్చ జరిగింది. "లేక్ వ్యూ సార్, బాల్కనీలోంచి నీళ్ళు కనబడతాయి" అని గజానికి రెండువేలు ఎక్కువ చెప్పి అమ్మించిన మనిషి పేరు మాత్రం ఏ చర్చలోనూ రాలేదు. ఆయన కమీషను ఆయన తీసుకొన్నాడు. ఆ నీళ్ళు వానాకాలంలో బాల్కనీ దాకా వస్తాయని ఆయనకు తెలుసా తెలియదా? తెలియదనే అంటాడు. కాదని రుజువు చెయ్యడం ఎవరి తరం?

అసలు కీలకం ఇక్కడే వుంది. ఏజెంటుకు డబ్బు వచ్చేది బేరం కుదిరితేనే. బేరం చెడగొట్టే నిజం ఎంత తక్కువ తెలిస్తే ఆయనకు అంత మంచిది. అరవై లక్షల ఫ్లాటుకు ఒక శాతం కమీషనంటే అరవై వేలు. "ఈ సర్వే నంబరు ఒకసారి చూసుకోండి" అని ఆయన నోరు జారితే ఆ అరవై వేలూ పోతాయి. అంటే ఈ వృత్తిలో తెలియకపోవడం లోపం కాదు, పెట్టుబడి. పరీక్ష పెడితే మనిషి నిజాయితీపరుడైపోతాడని నేను అనడం లేదు. ఎం.ఏ.లు చదివి మోసం చేసేవాళ్ళు లేరా? కాని పరీక్ష పాసై లైసెన్సు పుచ్చుకొన్నవాడు తర్వాత "నాకేం తెలుసండీ, వాళ్ళు చెప్పిందే చెప్పాను" అనలేడు. తెలుసునని ఒకసారి సంతకం పెట్టాడు గనుక. అర్హత ప్రమాణం వల్ల నాకు కనిపించే మొదటి లాభం ఇదే. అది చదువు నేర్పడం తర్వాత మాట, ముందు ఆ సాకును తీసేస్తుంది.

ప్రీ-లాంచ్ అనే మాయను చూడండి. రెరాలో నమోదు కాకుండా ప్రాజెక్టును ప్రకటించడమే 3వ సెక్షను కింద నేరం. పైగా 13వ సెక్షను ప్రకారం అగ్రిమెంటు రిజిస్టరు చెయ్యకుండా బిల్డరు 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఐనా మొత్తం డబ్బు ఒకేసారి కడితే సగం ధరకే ఫ్లాటు అని హైదరాబాదు చుట్టుపక్కల ఎన్ని కుటుంబాలు కట్టి మునిగాయో మనకు తెలుసు. బిల్డరు ఇంటింటికీ తిరగడు గదా! తిరిగింది ఏజెంట్లు. వాళ్ళలో చాలామంది దొంగలు కారు. మన సీనియర్లు, మన బావలు, మన స్కూలు మాస్టార్లు. డిగ్రీ చేతబట్టుకొని ఉద్యోగం రాక ఇందులోకి దిగినవాళ్ళు. ముందు సొంత మేనమామకు అమ్మి, తర్వాత కాలనీవాళ్ళకు అమ్మి, చివరికి ఊళ్ళో ముఖం చూపించలేక తిరిగే కుర్రాళ్ళు ప్రతి పట్నంలో వున్నారు. రెండే రెండు సెక్షన్లు ఎవరైనా వాళ్ళకు ముందుగా కూర్చోబెట్టి చెప్పి వుంటే మేనమామ డబ్బయినా మిగిలేది.

ఇక అద్దె సంగతి, మన విద్యార్థి లోకానికి నిత్యం తగిలే గాయం. ఇల్లు చూపిస్తే ఒక నెల అద్దె కమీషను. కొందరు ఇంటివాళ్ళ దగ్గరా తీసుకొంటారు, మన దగ్గరా తీసుకొంటారు. ఎవరి తరఫున మాట్లాడుతున్నాడో ఆయనకే తెలియదు. ఇల్లు చూపించడానికి ముందే 'రిజిస్ట్రేషను ఫీజు' అని ఐదువందలు పట్టి, అద్దెకు పోయిన ఇళ్ళ జాబితా చేతిలో పెట్టేవాళ్ళూ వున్నారు. రసీదు అడిగితే "మా మీద నమ్మకం లేదా తమ్ముడూ?" అంటారు. తమ్ముడూ అని పిలిచేసరికి మనవాడి నోరు పడిపోతుంది. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో అడిగి చూడండి, నూటికి తొంభైమంది "అంతే, రూలు" అంటారు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను ప్రకారం ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చెయ్యాలి, ఆ ఖర్చు, శ్రమ తప్పించుకోవడానికి పదకొండు అన్న సంగతి ఆ పని చేసే మనిషికే తెలియకపోతే, ఇల్లు ఖాళీ చేసినరోజు అడ్వాన్సు ఎగ్గొట్టిన యజమాని ముందు ఆ కాగితం విలువ ఎంతో మనకేం చెబుతాడు? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రాలు తమ తమ చట్టాలుగా చేసుకోవాలి. అందులో కూడా మధ్యవర్తికి ఏం తెలియాలన్న ఊసు లేదు.

"బ్యాచిలర్లకు ఇవ్వరు", "మీరేమిట్లు?", "నాన్‌వెజ్ వండుతారా?" ఈ ప్రశ్నలు ఇంటివాళ్ళవి అంటాడు మీడియేటరు. సగం ఆయన సొంతవి. దళిత విద్యార్థి ఒకడు ఇల్లు వెతుక్కొనే బాధ గురించి వేరే వ్యాసమే రాయాలి. ఫలానా కులం వాళ్ళకు చూపించను అన్న ఏజెంటు లైసెన్సు పోతుంది అనే నియమం వుంటే, ఆ ప్రశ్న కనీసం ఆయన నోటినుంచి రాదు. లైసెన్సే లేనివాడికి పోయేదేముంది?

మరి ఎక్కడా ఎవరూ ఏమీ చెయ్యలేదా? మహారాష్ట్ర చేసింది. అక్కడి రెరా 2023 జనవరిలో ఉత్తర్వు ఇచ్చి, ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష, యోగ్యతా సర్టిఫికెట్ తప్పనిసరి చేసింది. పాతవాళ్ళకు గడువిచ్చారు, గడువు పెంచారు. ఐనా రానివాళ్ళ మీద 2024లో దాదాపు 20 వేలమంది రిజిస్ట్రేషన్లను నిలిపివేశారు. ఆ సంఖ్య చూసి కొందరు "చూశారా, ఎంతమంది పొట్ట కొట్టారో" అన్నారు. నాకు ఇంకోటి తోచింది. కొద్ది గంటల శిక్షణ, ఒక్క పరీక్ష అంటేనే అంతమంది వెనక్కి తగ్గారంటే, అంతకుముందు ఆ రిజిస్ట్రేషను నంబరుకు వున్న విలువ ఎంత? మహారాష్ట్ర పరీక్ష కూడా రెరా గీత దాటి అద్దెల దాకా రాలేదు, అది వేరే సంగతి.

అమెరికాలో ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్సు పరీక్ష వుంది. టెక్సాస్‌లో ఏజెంటు కావాలంటే 180 గంటల పాఠాలు పూర్తిచెయ్యాలి. డల్లాస్‌లో సాఫ్టువేరు ఉద్యోగం చేసుకొంటూ శనివారాలు ఇళ్ళు చూపించే మన తెలుగువాళ్ళు ఆ 180 గంటలూ బుద్ధిగా కూర్చొని చదివినవాళ్ళే. అదే మనిషి సంక్రాంతికి ఇంటికొచ్చి ఇక్కడ వెంచర్‌లో ప్లాటు కొనేటప్పుడు మాత్రం ఏ పాఠమూ చదవనివాడి మాట నమ్ముతాడు. ఇది నాకు ఎప్పుడూ వింతగానే వుంటుంది.

బ్రిటన్ కథ ఇంకో రకం, అది మనకు హెచ్చరిక. అక్కడ 1979లోనే ఎస్టేట్ ఏజెంట్ల చట్టం వచ్చింది. ఏజెంట్లకు కనీస యోగ్యత నిర్ణయించే అధికారం 22వ సెక్షనులో రాసి పెట్టారు. రాసిపెట్టి, అమలులోకి తేవడం మరచిపోయారు! నలభై ఏళ్ళ తర్వాత 2019లో లార్డ్ బెస్ట్ అధ్యక్షతన ఒక బృందం కూర్చొని లైసెన్సు, విద్యార్హత, ప్రవర్తనా నియమావళి వుండాలని మళ్ళీ మొదటినుంచి సిఫారసు చేసింది. ఈలోగా స్కాట్లండు ఆగలేదు. అద్దె ఏజెంట్లందరికీ రిజిస్టరు, శిక్షణ, నియమావళి 2018లోనే పెట్టింది. వేల్సు అంతకుముందే 2016లో శిక్షణతో కూడిన లైసెన్సు తెచ్చింది. ఇంగ్లండులో పరీక్ష రాలేదు గాని, 2019 జూన్ నుంచి అద్దెకు వచ్చేవాళ్ళ దగ్గర ఏజెంటు ఫీజు వసూలు చెయ్యడమే నిషేధించారు. ఇల్లు ఇచ్చేవాడి పని చేస్తున్నావు, వాడి దగ్గరే తీసుకో అన్నారు. జామీను ఇచ్చేవాడు లేని మన విద్యార్థులను ఆరునెలల అద్దె ముందే కట్టమనడం అక్కడ మామూలు. 2025లో వచ్చిన కొత్త అద్దె చట్టం దాన్ని ఒక నెలకు కట్టేసింది. చట్టంలో ఒక సెక్షను వుండటం వేరు, దాన్ని నిద్ర లేపడం వేరు అని చెప్పడానికే ఇదంతా.

దీనికి ఒక గట్టి ఆక్షేపణ వుంది, దాన్ని తేలిగ్గా తీసెయ్యడం న్యాయం కాదు. మన వీధుల్లో ఇళ్ళు చూపించేది సూటు వేసుకొన్న కన్సల్టెంట్లు కారు. కిరాణా కొట్టు శెట్టిగారు, ఇస్త్రీబండి అతను, అపార్టుమెంటు వాచ్‌మను, రిటైరైన గుమాస్తా. నెలకు రెండు ఇళ్ళు కుదిర్చితే వాచ్‌మను కూతురి ఫీజు కట్టుకొంటాడు. వాళ్ళకు పరీక్ష పెడితే ఆ వెయ్యి రూపాయలూ పోయి, పెద్ద పెద్ద కంపెనీలకు, ఫోన్‌లోని యాప్‌లకు ఈ వ్యాపారం మొత్తం దక్కుతుంది గదా? నిజమే. అందుకనే గీత ఎక్కడ గియ్యాలో ఆలోచించాలి. "ఫలానా వీధిలో ఇల్లు ఖాళీగా వుంది బాబూ" అని చెప్పేవాడు కబురు చెప్పేవాడే, ఏజెంటు కాడు. వాడికి పది రూపాయలిచ్చినా, వెయ్యి ఇచ్చినా అది మన ఇష్టం. ఇతరుల డబ్బు చేతితో పట్టుకొన్నవాడు, కాగితం రాయించినవాడు, టైటిలు గురించి హామీ పలికినవాడు ఏజెంటు. పరీక్ష వాడికి. ఈ తేడా పెడితే వాచ్‌మను బతుకుతాడు.

ఆ పరీక్ష కూడా ఎలా వుండాలో ఇప్పుడే అనుకోవాలి. లేకపోతే ఇంగ్లీషులో నూటపాతిక ప్రశ్నలు పెట్టి, కోచింగు సెంటర్లకు పండగ చేస్తారు. తెలుగులోనూ, ఉర్దూలోనూ వుండాలి. పదో తరగతి చదివినవాడు వారం రోజులు చదివితే పాసయ్యేలా వుండాలి. ఈ.సి. చదవడం, నిషేధిత జాబితా వెతకడం, రెరా నంబరు సరిచూడటం, అద్దె ఒప్పందంలో వుండాల్సిన అంశాలు, రసీదు రాయడం ఇంతవరకు చాలు. మూడేళ్ళకోసారి మళ్ళీ రాయించాలి, పైన చెప్పినట్లు మన చట్టాలు మూడేళ్ళు నిలిస్తే గొప్ప. పరీక్షకన్నా ముఖ్యం, టోకెన్ డబ్బు ఏజెంటు సొంత ఖాతాలో పడకూడదు. ఇంగ్లండులో 2019 నుంచి అద్దె ఏజెంట్లు ఖాతాదారుల డబ్బుకు రక్షణ పథకంలో చేరడం తప్పనిసరి. మనకు అంత పెద్ద పథకం రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో గాని, వేరే ఖాతా, నంబరు వేసిన రసీదు రేపటినుంచే పెట్టవచ్చు. పార్లమెంటు అక్కర్లేదు, కొత్త ప్రాజెక్టుల వరకైనా రాష్ట్ర రెరాలు మహారాష్ట్ర దారిలో ఉత్తర్వులివ్వవచ్చు. అద్దెలకు రాష్ట్ర శాసనసభ కదలాలి.

అంతదాకా మన యూనియను చేతులు ముడుచుకొని కూర్చోనక్కర్లేదు. ప్రతి జూన్‌లోనూ అడ్మిషన్ల టేబులు వేస్తాం, బ్యానరు కడతాం, మంచినీళ్ళు పోస్తాం. దాని పక్కన ఒక రిజిస్టరు పెట్టడానికి ఖర్చు ఒక తెల్ల పుస్తకం. ఖాళీ చేసి వెళ్ళే సీనియర్లు తాము వున్న గది అద్దె ఎంత, అడ్వాన్సు తిరిగి ఇచ్చారా లేదా, నీళ్ళు వస్తాయా, మధ్యలో ఎవరికి ఎంత ఇచ్చారు, రసీదు దొరికిందా అని నాలుగు గీతలు రాసి వెళితే, బస్సు దిగిన కుర్రాడు ముందు ఆ పుస్తకం దగ్గరకు వస్తాడు. ఈ ఏడాది లా విభాగం మిత్రులు ఇద్దరు అద్దె ఒప్పందం నమూనా ఒకటి తెలుగులో తయారుచేసి ఇస్తామన్నారు. కామర్సు వాళ్ళు రసీదు పుస్తకం అచ్చు వేయిస్తామన్నారు. రిజిస్టరు పట్టుకొని సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా కూర్చొనేందుకు ఇంకా నలుగురు కావాలి. పేర్లు యూనియను ఆఫీసులో ఇవ్వండి.